మైలేజీ మీమాంస

కారుగల గృహస్థును కారుకు నెలకెంత ఖర్చవుతోందని అడిగితే అతడు చెప్పేది ఖర్చు కాదు, మైలేజీ. లీటరుకు పద్దెనిమిది ఇస్తోందని, ఇచ్చేది కారూ పుచ్చుకునేది తానూ అయినట్టు, ఎంతో సంతృప్తిగా చెబుతాడు. హైదరాబాదులో సొంత కారు అవసరమా, నగరం నడిబొడ్డున కార్లను ఆపేయవచ్చా అన్న చర్చ పెళ్లి విందుల్లోనూ అపార్టుమెంటు సంఘాల సమావేశాల్లోనూ ఎంతసేపు సాగినా చివరికి ఈ ఒక్క అంకె దగ్గరికి వచ్చి చతికిలబడటం, ఆ చర్చను వినక తప్పని కారు లేనివారికి చాలా రోజులుగా విసుగు పుట్టిస్తున్న సంగతి.

మైలేజీ అనగా ఒక లీటరు ఇంధనంతో బండి నడిచే దూరం. ఇందులో మొదటి రకం కంపెనీ మైలేజీ. పుణేలోని ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థలలో బండిని రోలర్ల మీద నిలబెట్టి, నిర్ణీత పట్టిక ప్రకారం వేగం పెంచుతూ తగ్గిస్తూ కొలుస్తారు గనుక చక్రాలు తిరుగుతాయే గాని కారు గది దాటదు. ఆ గదిలో అమీర్‌పేట చౌరస్తా ఉండదు, ఎదురు దారిలో దూసుకొచ్చే ఆటో ఉండదు, గంట వానకు చెరువైపోయే రోడ్డూ ఉండదు. రెండవది వాస్తవ మైలేజీ; ఇది యజమానికి తెలిసినా ఇంట్లో కూడా బయటపెట్టడు. ఈ రెంటికీ నడుమ పుట్టిన మూడవ రకమే ప్రకటిత మైలేజీ, అనగా నలుగురిలో చెప్పేది. శాస్త్రచర్చకు నిజంగా అర్హమైనది ఇదే.

ప్రకటిత మైలేజీని రాబట్టడానికి ట్యాంకు ఫుల్ చేయించి, రీడింగు సున్నాకు తెచ్చి, కొంత దూరం తిరిగాక మళ్లీ ఫుల్ చేయించి భాగహారం చేయాలన్నది సర్వసమ్మతమైన పద్ధతి. అయితే ఆ కొంత దూరం విజయవాడ హైవే మీద, తెల్లవారుజామున, ఏసీ కట్టేసి, టైర్లలో నిండుగా గాలి ఉండగా తిరిగినదై ఉండాలి. బేగంపేటలో తిరిగినది లెక్కకు రాదు. ఇలా సాధించిన అంకెను తోడల్లుడి సమక్షంలో చెప్పినప్పుడు, తన బండి అంతకంటే ఒకటి ఎక్కువే ఇస్తుందని తోడల్లుడు అనడమూ, మొదటివాడికి హఠాత్తుగా కిందటి నెల తిరుపతి ప్రయాణం గుర్తుకు వచ్చి తన అంకెను మరో రెండు పెంచడమూ ఆచారం. సంక్రాంతి మూడు రోజులూ ముగిసేసరికి అత్తవారింటి ముందున్న రెండు కార్లూ మోటారుసైకిళ్ల స్థాయిని అందుకుంటాయి. ఈ పోటీలోకి సీఎన్‌జీ బండివాడు కిలోల లెక్కతో వచ్చి సభను గందరగోళపరుస్తాడు, విద్యుత్ కారు కొన్నవాడు యూనిట్లలో చెబుతాడు గనుక అతణ్ణి ఎవరూ నమ్మరు. జీవితమంతా ఆర్టీసీ బస్సులోనే తిరిగిన మామగారు కండక్టరుకు ఎంతిచ్చిందీ పైసలతో సహా చెప్పగలరు, కాని ఆయన్ను ఎవరూ అడగరు. ఇంత పొదుపరి బండ్లు రెండూ తిరుగు ప్రయాణంలో మొదటి బంకు దగ్గరే కలుసుకోవడం ఎందువల్లనో ఈ శాస్త్రం ఇంకా వివరించవలసే ఉంది.

నిజానికి 2024 మార్చిలో లీటరుకు రెండు రూపాయల చొప్పున తగ్గించిన తరువాత కూడా హైదరాబాదులో 107 రూపాయలు దాటే నిలిచిన పెట్రోలు, కారు ఖర్చంతటిలోకీ నిజాయితీ గలది. పోసిన ప్రతిసారీ కంటికి కనిపిస్తుంది. షోరూం ధర తొమ్మిది లక్షలున్న కారుకు తెలంగాణలో జీవితకాల పన్ను, అంటే బండి ఆయుష్షుకంతటికీ ఒకేసారి కట్టించుకునే పన్ను, 14 శాతం. ఆ 1,26,000 రూపాయలను గృహస్థు ఆన్‌రోడ్ ధర అనే మూటలో కట్టి మరచిపోతాడు. ఆపైన తరుగుదల ఉంది. బీమా కోసం బండికి కట్టే విలువను ఐడీవీ అంటారు. ఆ పట్టిక ప్రకారం ఐదో ఏటికి అది సగానికి పడిపోతుంది గనుక, పోయిన నాలుగున్నర లక్షలను ఐదేళ్లకు పంచితే రోజుకు దాదాపు 250 రూపాయలు, బండి సెల్లారులో కవరు కప్పుకుని నిద్రపోతున్న రోజున కూడా కరిగిపోతున్నాయని తేలుతుంది. కారు తన కాలంలో 95 శాతం నిలబడే ఉంటుందని అమెరికా ఆచార్యుడు డోనాల్డ్ షూప్ 2005లో ఉచిత పార్కింగు మీద వెలువరించిన బృహద్గ్రంథంలో లెక్క చూపాడు. నిలబడ్డ కారు లీటరుకెంత ఇస్తుందో ఏ తోడల్లుడూ చెప్పడు.

పార్కింగు రుసుము దగ్గర మాత్రం ఇదే గృహస్థు పులి. మాల్‌లో మొదటి అరగంట నిలుపుదల ఉచితమనీ, గంట లోపైతే ఏదైనా కొన్న బిల్లు చూపితే చాలుననీ ప్రభుత్వం 2018లో నిర్దేశించినప్పటి నుంచి, ముప్పై రూపాయల రుసుము తప్పించుకోవడానికి నూట యాభై రూపాయల పాప్‌కార్న్ కొనే కొత్త పొదుపు ఒకటి నగరంలో వెలసింది.

ఇటువంటి గణకులే కార్లు లేని నగర కేంద్రం ఆర్థికంగా సాధ్యం కాదని తీర్పు చెబుతుంటారు. సింగపూరు 1975లోనే నగర కేంద్రంలోకి వచ్చే కార్ల మీద రుసుము విధించింది, లండన్ 2003లో అదే దారి పట్టింది, స్పెయిన్‌లోని పొంటెవెద్రా పట్టణం 1999 నుంచి తన నడిబొడ్డును నడిచేవారికి వదిలేసింది. ఆ ఊళ్లేవీ మూతపడలేదు. చార్మినార్ చుట్టూ వాహనాలను ఆపి రాళ్లు పరిచే పథకం దశాబ్దాల పాటు ఈడ్చుకుంటూ సాగింది. 1591 నాటి కట్టడాన్ని లేపడం కంటే దాని పక్కనుంచి కారును కదపడమే కష్టమని తేలింది. బేరాలు పడిపోతాయన్నది వాదన. లాడ్ బజారులో ఏ ఇల్లాలైనా స్టీరింగు ముందు కూర్చుని గాజులు తొడిగించుకుందా అని అడిగినవారు లేరు. 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలను ఆపినప్పుడు జనం విరగబడి వచ్చారు. అయితే కార్లు లేని రోడ్డు మీద నడవడానికి వారిలో చాలామంది కార్లలోనే వచ్చారు గనుక, ఆ కార్లను నిలపడానికి పోలీసులు చుట్టుపక్కల చోట్లు చూపవలసి వచ్చింది.

ఇందులో గృహస్థును మాత్రమే ఎగతాళి చేయడం న్యాయం కాదు. డెబ్బై దాటిన తల్లికి బస్సు మెట్టు అందదు, మెట్రో స్టేషను దగ్గరదే అయినా అక్కడిదాకా ఉన్న ఫుట్‌పాత్‌ను ట్రాన్స్‌ఫార్మరూ కొబ్బరిబొండాల బండీ నిలిపిన బైకులూ పంచుకున్నాయి, రాత్రి పదకొండుకు ఆయాసం వస్తే క్యాబ్‌వాడు బుకింగు రద్దు చేసుకుంటాడు. రోజుకు ఆ 250 రూపాయలు అతడు నిజానికి చెల్లిస్తున్నది ప్రయాణానికి కాదు, భయానికి. ఆ భయం అతడు పుట్టించుకున్నది కాదు. కారు కొనలేని ఇంటికీ అటువంటి తల్లే ఉంటుంది, ఆవిడ కొన్నాళ్లకు గడప దాటడం మానేస్తుంది, ఆ సంగతి ఏ ట్రాఫిక్ సర్వేలోనూ నమోదు కాదు.

ఇప్పుడు కూతురికి నగరం రెండో కొసన ఉద్యోగం వచ్చింది గనుక గృహస్థు రెండో కారు చూస్తున్నాడు. వ్యక్తి పేరిట రెండో బండికి జీవితకాల పన్ను మీద మరో రెండు శాతం అదనమని తెలిసినా వెనక్కి తగ్గలేదు. సెల్లారులో అతడి వాటాకు ఉన్నది ఒక్క చోటే కాబట్టి, కొత్త బండిని గేటు బయట, కాలనీలో మిగిలిన ఆ కాస్త ఫుట్‌పాత్ మీద నిలపడానికి వాచ్‌మన్‌తో ఇప్పటికే మాట్లాడి పెట్టుకున్నాడు.