నగ్ 1: ఒక లారీ రసీదుకు టీకా తాత్పర్యం

మూలం:
నగ్ 1. పాత ఇంజను, చెక్క పెట్టె. ఉన్నదని చెప్పారు. 98 కిలోలు. టు పే. గోడౌన్ డెలివరీ. ఓనర్ రిస్క్.

అవతారిక: మా మావయ్య మారుతి 800 ఇంజను ప్రాణం వదిలింది. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఢిల్లీ మాయాపురిలో పాత బండ్ల ఇంజన్లు గుట్టలుగా పడి ఉంటాయి గనుక అక్కడ ఉద్యోగం చేస్తున్న నాకు పురమాయింపు వచ్చింది. గమ్యం విజయవాడ ఆటోనగర్, సుమారు 1,800 కిలోమీటర్లు. "కొన్నదాని కంటే కిరాయి ఎక్కువ కాకూడదురా" అని మావయ్య ప్రతిజ్ఞ. కావ్యబీజం ఇదే.

టీక:

నగ్ = లారీ ఆఫీసు భాషలో ఒక్క మూట. నగము అంటే సంస్కృతంలో కొండ, కదలనిది అని వ్యుత్పత్తి. కదలనిదాన్నే కదిలిస్తున్నారు కాబట్టి గుమస్తా తెలియకుండానే శ్లేష వేశాడు.

పాత ఇంజను = ఇందులో ‘పాత’ పాదపూరణం కాదు. పాతది గనుకే ధర 50,000కు లోపు. అది దాటి ఉంటే ఈ-వే బిల్లు కావలసి వచ్చేది. పాతది గనుకే కడుపులో ఆయిలూ ఉంది. డ్రెయిన్ బోల్టు విప్పి రాత్రంతా వదిలేయమనీ, ఫిల్టరు తీసేయమనీ, కన్నాలన్నిట్లో పాత గుడ్డలు కుక్కమనీ ఆటోనగర్ మెకానిక్ ఫోనులో ఉపదేశం. గతంలో ఒక ఇంజను ఈ ఉపదేశం వినకుండా బయల్దేరి, దారిలో పక్కనున్న చీరల బేళ్లకు నల్లంచు వేసిందట.

చెక్క పెట్టె = ఇక్కడ కొంచెం ఆగాలి. మొదట వడ్రంగి ఉదారంగా మీటరు పొడవు, మీటరు వెడల్పు, 80 సెంటీమీటర్ల ఎత్తున పెట్టె చేశాడు. కొరియర్ వాళ్లలో చాలామంది పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5,000తో భాగిస్తారు. వచ్చింది 160 కిలోలు. అంటే లోపలి గాలికి కూడా కిరాయి. అతిశయోక్తి అలంకారానికి ఇంతకన్నా లక్ష్యం దొరకదు. ఇంజను చిన్నదైనా బరువైన వస్తువు, దాని సొంత బరువుకు కడితే చాలు. పెట్టె కోయించి బిగుతు చేశాం. సంప్ రేకుది కాబట్టి భారం దాని మీద పడకుండా పక్కలకు చెక్కదిమ్మలు కొట్టించాం.

ఉన్నదని చెప్పారు = సందేహాలంకారం. ఇంజను ఉందని నేనన్నాను, గుమస్తా చూడలేదు.

టు పే = అందుకున్నవాడు కట్టుట. ‘పెయిడ్’ అని పాఠాంతరం. మావయ్య మొదటి పాఠాన్నే ఆదరించాడు, కట్టేది తనే అయినా. సరుకు చేరేదాకా డబ్బు తన జేబులో ఉంటుందని ఆయన సిద్ధాంతం.

గోడౌన్ డెలివరీ = చౌక అంతా ఈ రెండు మాటల్లోనే ఉంది. ఇంటి ముందు దించాలంటే ఒక్క పెట్టె కోసం మరో బండి కదలాలి. గోడౌను నుంచి గోడౌనుకైతే పదిమంది సరుకుతో కలిసి పార్ట్ లోడులో వస్తుంది. ‘రైలు పార్శిలు ఉంది కదా’ అని పూర్వపక్షం. ఉంది, వేగమూ ఎక్కువే. అయితే రెండు కొసలా స్టేషనుకు మోయాలి, గడువులో విడిపించకపోతే వార్ఫేజీ. మావయ్య పెళ్లిళ్ల సీజనులో ఏ రోజు ఊళ్లో ఉంటాడో ఆయనకే తెలియదు. కనుక లారీయే.

ఓనర్ రిస్క్ = స్పష్టము.

తాత్పర్యం: తొందరలేనివాడు, పెట్టె బిగుతుగా కొట్టించినవాడు, గోడౌను దాకా తానే వెళ్లగలవాడు తక్కువలో తెప్పించుకోగలడు. మా పెట్టె తొమ్మిది రోజులకు చేరింది. ఇంజను మారిన సంగతి ఆర్టీవో ఆఫీసుకు చెప్పి ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించడం ఉత్తరకాండ, ఇక్కడ ప్రస్తావించం.

విశేషం: మూలంలో లేనిది రాయనని మెదక్ సీమ వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి నియమం. గుమస్తా అంతకంటే నిష్ఠాపరుడు, ఉన్నది కూడా పూర్తిగా రాయడు. విజయవాడ గోడౌనులో మావయ్య రసీదు చూపించి కిరాయి కట్టాక నలుగురు మనుషులు పెట్టె చుట్టూ చేరి, భుజాల మీది తువ్వాళ్లు సర్దుకుని, ఊరికే నిలబడ్డారు. హమాలీ అన్న మాట మూలంలో ఎక్కడా లేదు. ఆలంకారికులు దీన్నే ధ్వని అంటారు. మల్లినాథుడైతే ఇక్కడ కలం దించేవాడు. మావయ్య 300 ఇచ్చి పెట్టె ఆటోలోకి ఎక్కించుకున్నాడు.