నకలు

సింహాచలంలో చందనోత్సవానికి ముందురోజు. తెల్లవారితే వైశాఖ శుద్ధ తదియ. అప్పన్న నిజరూపం చూడటానికి జనం అప్పటికే గోపాలపట్నం దారి పట్టారు. కొండ దిగువనున్న ఒక చిన్న కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసు నుంచి నాకు ఫోను. మెయిల్ రావడం లేదు. విశాఖ పోర్టులో కంటైనర్లు దిగాయి, బిల్ ఆఫ్ లేడింగ్ కాపీలు రావాలి. కాగితాలు ఆలస్యమైతే డెమరేజ్ మీద పడుతుంది.

సర్వరు వాళ్లదే. మూలగదిలో ఓ లినక్స్ పెట్టె. పోస్ట్‌ఫిక్స్ లాగ్ తెరిస్తే వరసగా ఒకటే జవాబు: 452, చోటు చాలదు. నాలుగుతో మొదలయ్యే జవాబు తాత్కాలికమే. పంపినవాళ్ల సర్వరు ఆ ఉత్తరాన్ని తన దగ్గరే ఉంచుకుని మళ్లీ మళ్లీ పంపి చూస్తుంది. పోస్ట్‌ఫిక్స్ అయితే మామూలుగా 5 రోజులు చూస్తుంది. అంతవరకు ఉత్తరాలు ఎక్కడికీ పోవు గానీ డెమరేజ్ ఆగదు.

“మావాళ్లంతా పెళ్లి ఫొటోలు, వీడియోలు దాచుకుంటున్నారండీ,” అన్నారు యజమాని. “పోయిన వారమే అందరిచేతా పాతవన్నీ తీసేయించాను. రెండు రోజులు బాగుంది, మళ్లీ నిండిపోయింది.”

పక్కనున్న పెద్ద గుమాస్తా తల దించుకున్నారు. ఆయన కొడుకు సరకు ఓడల మీద పనిచేసేవాడు. సముద్రం మీంచి తండ్రికి ఈ ఆఫీసు అడ్రసుకే రాసేవాడు. ఆ కొడుకు ఇప్పుడు లేడు. యజమాని మాట కాదనలేక ఆ ఉత్తరాలన్నీ ఆయన తన చేత్తోనే చెరిపేశారు.

నాకు కోపం వచ్చింది. చోటు నిండిందంటే ముందు ఎవరు నింపారో కొలవాలి. చెరపడం ఆ తరవాతి పని. ‘డీఎఫ్’ కొడితే ఏ డిస్కు నిండిందో, ‘డీయూ’ కొడితే ఏ ఫోల్డరు ఎంత తింటోందో తెలిసిపోతుంది. ఉద్యోగుల పెట్టెలన్నీ కలిపినా డిస్కులో పదో వంతు లేవు. మిగతాదంతా ఎవరి పేరూ లేని ఒకే ఒక్క పెట్టె. సెట్టింగుల్లో ‘ఆల్వేస్ బీసీసీ’ అనే వరస ఉంది. వచ్చే ప్రతి ఉత్తరానికీ, పోయే ప్రతి ఉత్తరానికీ ఒక నకలు ఎవరికీ కనపడకుండా ఆ పెట్టెలో పడుతుంది. అలా ఏళ్ల తరబడి పడుతూనే ఉంది.

గుమాస్తా బయటికి వెళ్లాక యజమానిని అడిగాను. ఆయన గొంతు తగ్గించారు. “నేనే పెట్టించాను. వ్యాపారం కదా, ఎవరేం రాస్తున్నారో తెలియాలి. మొత్తం తీసేయండి. మావాళ్ల దగ్గర మాత్రం అనకండి.”

తీసెయ్యడానికి ఒక్క కమాండు చాలు. కానీ ముందు గుమాస్తా కొడుకు పేరుతో వెతికాను. ఉత్తరాలన్నీ భద్రంగా ఉన్నాయి. నేను ఒక్కటీ తెరవలేదు. తెరవకుండానే ఒక సంగతి కనిపించింది. ఆ సర్వరులో ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు. ఎవరైనా చదివితే ఆ ఫైలు పేరు చివర ‘ఎస్’ అక్షరం చేరుతుంది. లక్షల కొద్దీ వ్యాపారపు ఉత్తరాలకు ఆ అక్షరం లేదు. కొడుకు తండ్రికి రాసిన ప్రతి ఉత్తరానికీ ఉంది.

వాటిని వేరే డిస్కులోకి ఎత్తాను. నకళ్ల వరస తీసేసి, మిగతా నకళ్లు తుడిచాను. ఆగిన మెయిళ్లు రావడం మొదలైంది. అప్పుడు గుమాస్తాను పిలిచాను. యజమాని వద్దన్నట్టు చెయ్యి ఊపారు. నేను ఆగలేదు.

“మీ అబ్బాయి ఉత్తరాలు దొరికాయండీ. సారు పెట్టెలో ఉన్నాయి. అన్నీ చదివిన గుర్తులతో.”

ఆయన కళ్లు నిండాయి. “సారు చదువుతున్నారని తెలుసు బాబూ. దాచారని తెలీదు. మావోడి ఓడ సింగపూర్‌లో ఆగిందని మెయిల్ వచ్చిన రోజు, నేను నోరు విప్పకముందే ‘సింగపూర్‌లో ఎండలెలా ఉన్నాయట?’ అని అడిగారు. సెలవుకొచ్చినప్పుడు వాడితో చెప్పాను. అప్పట్నుంచి ప్రతి ఉత్తరం చివరా ‘సారుకి నా నమస్కారాలు’ అని రాసేవాడు.”

యజమాని వైపు తిరిగారు.

“ఆ నమస్కారాలు నేనెప్పుడూ మీకు చెప్పలేదు సార్. మీరెలాగూ చదువుకుంటారు కదా.”