పవర్ హౌస్ ఆనవాలు లేదు

హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కనున్న ప్రసాద్స్‌లో సినిమా చూసి బయటికొచ్చే పిల్లల్ని అడగండి, ఈ ఒడ్డున ఒకప్పుడు ఏముండేదని. ఒక్కరూ చెప్పలేరు. వాళ్లనేం అనగలం? చూపించడానికి ఒక్క ఇటుకైనా మిగిల్చారా?

ఇక్కడ హుస్సేన్‌సాగర్ థర్మల్ పవర్ స్టేషన్ ఉండేది. నిజాం హయాంలో 1920లో పెట్టారు. మేం పవర్ హౌస్ అనేవాళ్లం. బొగ్గు కాలేది, టర్బైన్లు తిరిగేవి, ఊళ్లో బల్బులు వెలిగేవి. పొగగొట్టం కనబడితే ఇల్లు దగ్గరపడ్డట్టే మాకు.

మా రోజుల్లో అంతా బాగుండేదని నేననను. గాలి ఖైరతాబాద్ వైపు మళ్లిందంటే దండెం మీద ఆరేసిన తెల్ల ధోవతుల మీద నల్లటి నుసి రాలేది. మా అమ్మ దాన్ని చేత్తో తుడవనిచ్చేది కాదు, తుడిస్తే మరక పాకుతుందని. రెండు కొసలు పట్టి గట్టిగా దులిపి, గొణుక్కుంటూ మళ్లీ బకెట్లో ముంచేది. ఊరి నడిబొడ్డున, చెరువు పక్కన బొగ్గు ఎన్నాళ్లని కాలుస్తారు? మూయాల్సిందే, మూశారు. నా బాధంతా 1995లో దాన్ని నేలమట్టం చేయడం మీదే.

లండన్‌లో థేమ్స్ ఒడ్డున బ్యాంక్‌సైడ్ అని ఇలాంటిదే ఉండేది. 1981లో ఆగిపోయింది. ఇటుక గోడలు, పొగగొట్టం అలాగే ఉంచి 2000లో టేట్ మోడర్న్ అనే కళల మ్యూజియం చేశారు. టర్బైన్లు తిరిగిన హాల్లోకి ఎవరైనా టికెట్ లేకుండా నడిచి వెళ్లొచ్చు. అంత దూరం ఎందుకు, మన సైఫాబాద్ టంకశాల లేదా? 1903 నాటిది. నాణేల పని 1997లో చర్లపల్లికి వెళ్లిపోయినా పాత కట్టడాన్ని ఉంచారు, 2022లో అందులో మ్యూజియం పెట్టారు. కూతవేటు దూరంలో రెండు పాత కార్ఖానాలు. ఒకదానికి దక్కిన మర్యాద రెండోదానికి ఎందుకు దక్కలేదు?

ఇంకో సంగతి. పవర్ హౌస్ ఉన్నది ఊరందరి కరెంటు కోసం వాడిన జాగా. ఆ పని అయిపోయాక ఒడ్డు మళ్లీ ఊరందరికీ రావాలి. ఇప్పుడేమో ఎన్టీఆర్ గార్డెన్స్‌లోకి టికెట్, లుంబినీ పార్కులోకి టికెట్, సినిమా సంగతి సరేసరి. ట్యాంక్ బండ్ మీద, నెక్లెస్ రోడ్డు మీద పైసా అడగరు, నిజమే. కానీ అక్కడ పక్కనుంచి బండ్లు దూసుకుపోతుంటాయి. మనవణ్ణి చెయ్యి వదిలి నడిపించడానికి నాకు ధైర్యం చాలదు. రోజుకూలీ చేసుకునే మనిషి నలుగురు పిల్లల్ని తీసుకొచ్చి నీళ్ల పక్కన నింపాదిగా కూర్చోవడానికి ఎన్ని టికెట్లు కొనాలి?

పవర్ హౌస్ బాయిలర్లు ఎక్కడుండేవో, బొగ్గు ఎటునుంచి వచ్చేదో చెప్పే పటం ఒకటి ఇప్పటికైనా ఈ ఒడ్డున పెట్టొచ్చు. అక్కడ చెమటోడ్చిన వాళ్ల పిల్లలు ఈ ఊళ్లోనే ఉన్నారు, అడిగితే ఫొటోలు తెచ్చిస్తారు.

ఇప్పుడు మూసీ నది ఒడ్లను కొత్తగా కట్టే వంతు వచ్చింది. ఏ పాత కట్టడం ఉంచుతారు, టికెట్ లేకుండా నీళ్ల పక్కన నడిచే దారి ఎంత వెడల్పు వదులుతారు? ఈ రెండూ తెలుగులో, ఉర్దూలో రాసి, పునాది తవ్వకముందే బస్తీ బస్తీలో గోడలకు అంటించండి.