ఆగని మోత

"గ్యాసు అయిపోయిందక్కా. నింపితే రెండున్నర వేలు అవుతాది."

మే నెల మధ్యాహ్నం, ఎర్రగుంట్లలో ఎండ 44 డిగ్రీలు దాటిన పూట. బాగుచేయడానికి వచ్చినాయన నా తలుపు తెరిచి, ఫ్రీజర్‌లోకి ఒకసారి తొంగి చూసి అంతలోనే తేల్చేసినాడు. ఇంటామె ముఖం వాడిపోయింది. నాకు నోరుంటే అప్పుడే చెప్పేదాన్ని. గ్యాసు బండిలో పెట్రోలు మాదిరి ఖర్చయిపోయేది కాదు తల్లీ! నా ఒంట్లో తిరిగేది ఐసోబ్యూటేన్, 50 గ్రాముల చుట్టుపక్కల ఉంటుందేమో. కంప్రెసర్ దాన్ని నొక్కితే వేడెక్కుతుంది. ఆ వేడిని నా వీపున ఉన్న నల్ల గొట్టాల్లో గాలికి వదిలేసి ద్రవమవుతుంది. సన్నని రాగి గొట్టం దాటి ఫ్రీజర్ గోడల్లో మళ్లీ ఆవిరవుతూ లోపలి వేడిని పీల్చుకుంటుంది. తిరిగి కంప్రెసర్‌కే చేరుతుంది. అది తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడినట్టే. ఆ చిల్లు వెతకకుండా గ్యాసు నింపడం ఓటికుండలో నీళ్లు పోయడమే.

అయితే నాకు చిల్లు లేదు. నా బాధ నా వీపుది.

ఈ ఊరు రాతి మీద బతుకుతోంది. నేల కింద ఉండేది సున్నపురాయి. పొరలు పొరలుగా కోస్తే కడప బండ, కాలిస్తే సిమెంటు. నేను నిలబడిన వంటింటి నేల కూడా నల్ల నాపరాయే. ఇంటాయన పనిచేసేది బండల ఫ్యాక్టరీలో. కోత యంత్రం కింద నీళ్లతో కలిసి పారే రాతిపొడి ఎండిపోయి గాలికి లేస్తుంది. కొంత ఆయన బట్టల మీద ఇంటికి వస్తుంది, కొంత కిటికీలోంచి వస్తుంది. ఎనిమిదేళ్లుగా అది నా గొట్టాల మీద పొర మీద పొరగా పేరుకుంది. పైగా పోయిన సంక్రాంతికి బియ్యం బస్తాలకు చోటు చాలక నన్ను గోడకు ఆనించినారు. ఇక వేడి ఎట్ల బయటికి పోతుంది? లోపల చల్లబడదు కాబట్టి మోటారు ఆగదు. మోటారు ఆగదు కాబట్టి వేడి ఇంకా పెరుగుతుంది. పొద్దున కాచి పెట్టిన పాలు సాయంత్రానికి విరిగిపోయేవి. రాత్రంతా నా మోతకు ఇంట్లోని ముసలి జేజికి నిద్ర పట్టేది కాదు.

మరుసటి రోజు ఇంకో మెకానిక్ వచ్చినాడు, పాతికేళ్ల పిల్లోడు. ముందు ప్లగ్గు పీకి, నన్ను మూరెడు ముందుకు లాగినాడు.

"జేజీ, గోడకు ఇట్ల ఎందుకు ఆనించినారు?"

"చోటు యాడుంది నాయనా, బస్తాలు పెట్టుకోవాల గదా."

"దీనికి గాలి ఆడాల. లేకుంటే ఊపిరాడదు."

పాత బ్రష్షుతో వీపు తోమినాడు. బూడిద రంగు పొడి చాటెడు రాలింది. ఎనిమిదేళ్లలో నన్ను ఎవరూ అట్ల ముట్టుకోలేదు. తర్వాత ఫ్రీజర్ చూసి ఇంటామెను పిలిచినాడు. "చూడక్కా, మంచు అన్ని గోడలకూ సమంగా పట్టింది. గ్యాసు తగ్గి ఉంటే ఒక మూలనే పట్టి, మిగతాదంతా ఒట్టిగా ఉంటాది." ఆ ఒక్క మాటతో రెండున్నర వేలు మిగిలినాయి.

ఆ మంచు మధ్య ఒక పాల ప్యాకెట్ ఇరుక్కుని ఉంది. జేజి స్క్రూడ్రైవర్ పట్టుకుని వస్తే పిల్లోడు చెయ్యి అడ్డం పెట్టినాడు. నా గుండె కుదుటపడింది. పక్కింటి ఫ్రిజ్ పోయింది అట్లనే. ఫ్రీజర్ గోడ పల్చని అల్యూమినియం, దాని వెంబడే గ్యాసు దారి ఉంటుంది. ఒక్క పోటు చాలు. మంచు కరగడానికి ఒక బటన్ ఉంది, లేదా స్విచ్ ఆపి తలుపు తెరిచి పెట్టినా చాలు. కొంచెం ఓపిక పట్టాలి, అంతే.

తలుపు రబ్బరు సందులో పది రూపాయల నోటు పెట్టి లాగి చూసినాడు. పైన గట్టిగా పట్టుకుంది, కింది మూలన ఊరికే జారి వచ్చింది. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో ఆ మూలను మెత్తబరిచి, జిడ్డు తుడిచి, మళ్లీ సర్దినాడు. కూరగాయల డబ్బా కింద నీళ్లు నిలవడానికి కారణం కొత్తిమీర కాడ. వెనక రంధ్రంలో అడ్డం పడి ఉంటే తీసేసినాడు.

కరెంటు సంగతి చెప్పకుంటే నా కథ పూర్తి కాదు. ఎర్రగుంట్ల మండలంలోనే, కలమళ్ల దగ్గర, 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది. కరెంటు ఎంత దగ్గర పుట్టినా, సాయంత్రం వీధిలో ఏసీలూ కూలర్లూ ఒక్కసారిగా మొదలైతే తీగ చివరి ఇంట్లో వోల్టేజీ కుంగుతుంది. 230 ఉండాల్సింది 160కి పడితే నా మోటారు తిరగలేక మూలుగుతుంది. టిక్‌మని ఓవర్‌లోడ్ స్విచ్ దాన్ని ఆపేస్తుంది. అదే నా ప్రాణం కాపాడేది. పిల్లోడు స్టెబిలైజర్ పెట్టమన్నాడు. కరెంటు పోయి వస్తే వెంటనే స్విచ్ వేయకుండా, గొట్టాల్లో ఒత్తిడి సర్దుకునేదాకా అయిదు నిమిషాలు ఆగమన్నాడు.

ఆ రాత్రి పదిన్నరకు లోపల చల్లబడింది. థర్మోస్టాట్ కరెంటు ఆపింది, మోటారు తనంతట తాను ఆగింది. నెల రోజుల తర్వాత వంటింట్లో మొదటిసారి నిశ్శబ్దం. మంచం మీద జేజి లేచి కూర్చుంది.

"కరెంటు పోయిందా ఏమి?"

లేచి వచ్చి నా తలుపు తీసింది. దీపం వెలిగింది. పాలగిన్నె మీద చెయ్యి పెట్టి కాసేపు అట్లనే నిలబడింది.