నన్ను కాశీబుగ్గలో ఆపేయండి

నేను టూరిస్టు బస్సుని. విశాఖ నుంచి జనాన్ని ఎక్కించుకుని పూరీ, కోణార్క్, చిలికా తిప్పి తీసుకురావడం నా బతుకు. వీపున సంచులు మోసుకొచ్చే కుర్రకారుకైనా, తులసిమాలలతో వచ్చే పెద్దలకైనా నా ప్రోగ్రాం కాగితంలో చివరి రోజుకి రాసేది ఒకటే: తిరుగు ప్రయాణం. నా పేచీ దానితోనే. ఇచ్ఛాపురం దాటాక సోంపేట, పలాస, టెక్కలి బోర్డులు ఒక్కొక్కటే వెనక్కిపోతుంటాయి, పుష్‌బ్యాక్ సీట్లలో అందరూ గురక. తూర్పున సముద్రం దాకా పరుచుకున్న కొబ్బరి, జీడి, పనస తోటల్ని నా కిటికీలు చూపించవు. జాతీయ రహదారి మీద వేగమే తప్ప ఊరు ఉండదు. కాబట్టి చివరి రోజుని ఈ తోటల ప్రాంతానికి, అంటే ఉద్దానానికి, ఇవ్వాలంటాను.

ఆగడం లేదా అంటే, పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో జీడిపప్పు కోసం ఆగుతాం. ప్యాకెట్ మీద 320 అని ఉంటుంది. పౌనుకి అన్ని పలుకులకి మించవని లెక్క. గుండు పలుకు పగలకుండా పిక్క కొట్టే ఆడవాళ్ల చేతుల్ని జీడి చమురు కాలుస్తుందని మాత్రం ఏ ప్యాకెట్టూ చెప్పదు. స్థానిక పంట చాలక ఆఫ్రికా దేశాల పిక్కలు ఓడల్లో వచ్చి ఇక్కడే ఒలుపుకి చేరతాయనీ చెప్పదు. ప్యాకెట్టు చెప్పనిది ఇంకోటుంది: 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫానుకి తోటలకు తోటలే నేలకొరిగాయి. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ నష్టం ఎంతటిదో తోటలోకి దిగితేనే అంతుపడుతుంది.

ఉద్దానమంటే కిడ్నీ జబ్బే కదా, చూడ్డానికేముందని అడుగుతారు. రోగుల్ని చూడ్డానికి వెళ్లమని నేననను, అది అమానుషం. పలాసలో 2023లో తెరిచిన కిడ్నీ ఆసుపత్రి టూరు స్టాపు కాదు. కానీ ఒక ప్రాంతానికి దాని జబ్బు పేరే మిగల్చడమూ అన్యాయమే. బారువలో మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు ఉంది, మందసలో వాసుదేవ పెరుమాళ్ గుడి ఉంది, కోవా ఉంది (ఇది డిక్కీలో పెడితే పాడవుతుంది, అక్కడే తినాలి). చలికాలమైతే టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఊరి చెట్లనిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు.

సందుల్లో బస్సు తిరగదన్నది రెండో అభ్యంతరం. నిజమే, నా పొడవుకి తోట దారులు పనికిరావు. అందుకే నన్ను కాశీబుగ్గలోనే ఆపేసి ఆటోలెక్కండి. ఆ కిరాయి అక్కడి వాళ్ల చేతికే అందుతుంది. మర్నాడు డ్యూటీ ఉన్నవాళ్లకి పలాస స్టేషనుంది, హౌరా–చెన్నై లైను. ఇక ఓనరు గొణుగుడంటారా, నిలబడ్డ బస్సు డీజిలు తాగదు. పైగా రాత్రి తోలాల్సిన డ్రైవరు పగలు నాలుగు గంటలు పడుకుంటాడు.