హెచ్ ఉన్న హనుమంతప్ప, హెచ్ లేని హనుమంతప్ప

ఈ వారం మళ్లీ చెప్పేశారు. ఆధార్‌లో పేరు, పొలం పాసుపుస్తకంలో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు మూడూ పొల్లుపోకుండా ఒక్కటై ఉండాలట. అక్షరం తేడా వచ్చినా పథకం డబ్బు పడదట. ఎవరన్నారని అడక్కండి. పై నుంచి కింది దాకా అందరూ అదే పాట పాడుతున్నారు, పల్లవి ఎవరిదో చెప్పడం కష్టం.

మొదట ఒళ్లు మండింది. తర్వాత తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే, సర్కారువారు మనకు ఒక కొత్త జ్ఞానం ప్రసాదించారని అర్థమైంది. అక్షరం తేడా ఉంటే మనిషే వేరు. ఇంతకాలం మనమే గుడ్డిగా ఇద్దరిని పట్టుకుని ఒకడనుకున్నాం.

అనంతపురం జిల్లా పామిడి పక్క పల్లెలో ఒక హనుమంతప్ప ఉన్నాడనుకుందాం. అనుకోవడమెందుకు, వెతికితే పల్లెకు నలుగురు దొరుకుతారు. తెలుగులో ఆ పేరు రాయడానికి ఒకటే దారి. ఊళ్లో ఎవరూ ఆ 'హ'ను పట్టించుకోరు, 'అనుమంతప్పా' అని కేకేస్తారు, ఆయనా పలుకుతాడు. చిక్కంతా ఇంగ్లీషులోకి దిగాక, 'త' దగ్గర వస్తుంది. మన దక్షిణాదిలో 'త' రాయాలంటే టీ పక్కన హెచ్ పెడతాం, ఒంటరి టీని 'ట' కోసం దాచుకుంటాం. ఉత్తరాదివాళ్లకు ఈ పట్టింపు లేదు, రెంటికీ ఒకే టీ సరిపెడతారు. మన లలితకు హెచ్ ఉంటుంది, వాళ్ల లలితకు ఉండదు. వింధ్య దాటితే మన గీతకూ సీతకూ హెచ్‌లు రాలిపోతాయి. ఆధార్ కాంపులో టైపు కొట్టిన పిల్లోడు ఈ సీమవాడు కాబట్టి హెచ్ పెట్టాడు. బ్యాంకులో ఖాతా తెరిచిన ఆఫీసరు బదిలీ మీద ఏ పాట్నా నుంచో వచ్చినవాడు కాబట్టి పెట్టలేదు. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు. చెరో హనుమంతప్పను పుట్టించారు, అంతే.

బస్టాండు దగ్గర నెట్ సెంటర్లలో ఈ జననాలు రోజూ జరుగుతూనే ఉంటాయి. జెరాక్సు మిషను పక్కన స్టూలు మీద పెద్దాయన, కంప్యూటరు ముందు కుర్రాడు.

"టీయా, టీహెచ్చా పెద్దాయనా?"

"టీ వద్దులే నాయనా, ఇప్పుడే తాగొచ్చినా."

కుర్రాడు నవ్వుకుని ఏదో ఒకటి కొట్టేస్తాడు. ఇంకో జననం పూర్తయింది.

కాబట్టి నా మనవి ఏమిటంటే, వీళ్లందరినీ ప్రభుత్వం విడివిడి పౌరులుగా గుర్తించాలి. ఇది వెటకారం కాదు, రాష్ట్ర ప్రయోజనం. జనాభా తగ్గిపోతోంది, పిల్లల్ని ఎక్కువమందిని కనండి అని ముఖ్యమంత్రి 2024 అక్టోబరులోనే చెప్పారు. ఇద్దరు పిల్లలకు మించితే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను కూడా ఆ ఏడాదే ఎత్తేశారు. పార్లమెంటులో మన సీట్లు తగ్గుతాయేమోనన్న భయం ఉండనే ఉంది. ఈ కనడం, పెంచడం, తొమ్మిది నెలలు మోయడం అంతా దేనికి? 2027 జనగణనలో ఎన్యూమరేటరు మా పామిడికి వచ్చినప్పుడు స్పెల్లింగుకు ఒకరి చొప్పున లెక్క రాసుకుంటే చాలు. ఉన్నవాళ్లతోనే జిల్లా జనాభా రెండింతలు. ఇంటిపేరు ముందు రాసినవాణ్నీ వెనక రాసినవాణ్నీ వేరు చేస్తే నాలుగింతలు. 'ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్' అని మూడు గళ్లు పెట్టిన బ్యాంకు ఫారం ఒక్కటి చాలు, ఇంటిపేరు ఏ గడిలో పడితే ఆ గడి నుంచి ఒక కొత్త రైతు లేచొస్తాడు. ఢిల్లీలో మన ఎంపీలు కూర్చోవడానికి కుర్చీలు చాలవు.

చిన్న సంసార సమస్య ఒకటి ఉంది, కాదనను. హనుమంతప్ప భార్య లక్ష్మీదేవి. ఆమె ఆధార్‌లో కె, ఎస్, హెచ్ ముగ్గురూ ఉన్నారు. డ్వాక్రా ఖాతాలో ఆ ముగ్గురి బదులు ఒక్క ఎక్స్ కూర్చుంది. రేషన్ కార్డులో లక్ష్మికీ దేవికీ మధ్య ఖాళీ ఉంది, అంటే అక్కడ ఆమె ఇంకొకతె. ఇప్పుడు హెచ్ ఉన్న హనుమంతప్ప ఏ లక్ష్మీదేవికి తాళి కట్టినట్టు? ఎక్స్ లక్ష్మి వండిన సంగటి హెచ్ లేని హనుమంతప్ప తినవచ్చా? ఊళ్లో పెద్దమనుషులు ఇది తేల్చలేరు. పోర్టల్లో అయితే ఏనాడో తేలిపోయింది: వీళ్లెవరూ ఒకరికొకరు ఏమీ కారు.

ఆస్తి పంపకం మాత్రం సులువు. భూమి హెచ్ ఉన్నవాడిది. ఖాతా హెచ్ లేనివాడిది. ఎర్రనేలలో బుడ్డలు విత్తేది మొదటివాడు, బ్యాంకు లైన్లో నిలబడేది రెండోవాడు. పీఎం కిసాన్ కింద ఏడాదికి 6 వేలు, విడతకు 2 వేలు చొప్పున 2019 నుంచి ఇస్తున్నారు. దానికి రాష్ట్రం కలిపి ఇచ్చే అన్నదాత సుఖీభవ 2025 ఆగస్టులో మొదలైంది, రెండూ కలిపితే ఏడాదికి 20 వేలు. ఇందులో హెచ్ ఉన్నవాడికి ఖాతా లేదు కాబట్టి పడదు. హెచ్ లేనివాడికి భూమి లేదు కాబట్టి పడదు. అంతా నిబంధనల ప్రకారమే, ఎవరికీ అన్యాయం జరగలేదు. కరువుకు మాత్రం ఇంత నిబంధన తెలియదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు దాటడమే గగనమైన జిల్లాలో, అది ఇద్దరి మీదా ఒక్కసారే వచ్చి పడుతుంది.

ఇంత గొప్ప సూత్రాన్ని రైతులకే పరిమితం చేయడం బాగోదు. సర్కారువారు తమకూ వర్తింపజేసుకోవాలి. మా జిల్లా కేంద్రంలో రైలు స్టేషను పేరు అనంతపూర్, అందులో హెచ్ లేదు. జిల్లా వెబ్‌సైటు పేరులో హెచ్ ఉంది, చివర 'ము' కూడా ఉంది. అంటే రైలు ఒక ఊళ్లో ఆగుతోంది, కలెక్టరుగారు ఇంకో ఊళ్లో కూర్చుంటున్నారు. మధ్యలో ఆటోవాళ్లు ఏ ధైర్యంతో తిప్పుతున్నారో! గుత్తి స్టేషను బోర్డు మీద ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు చదివితే గూటీ అవుతుంది. తెల్లదొర తన నోటికొచ్చినట్టు రాసుకున్న రెండు ఓలను ఇప్పటికీ భద్రంగా కాపాడుతున్నాం. పక్కనున్న బళ్లారికి మాత్రం 2014లో స్పెల్లింగు మార్చారు.

కడప కథ ఇంకా రసవత్తరం. తెలుగుకు సేవ చేసిన సి.పి.బ్రౌన్ ఉద్యోగం చేసిన ఊరు అది, అయినా ఇంగ్లీషులో కుడ్డపా అనే రాసుకుంటూ వచ్చారు. 2005లో స్పెల్లింగు దిద్దారు. 2010లో జిల్లాకు వైఎస్ఆర్ పేరు పెట్టారు. 2025లో వైఎస్ఆర్ కడప అన్నారు. మూడు మార్పులు. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి మనిషికి జన్మలో రెండే అవకాశాలు. కడప జిల్లా గనక ఆధార్ సెంటరుకు వెళ్లి ఉంటే మూడోసారి తిప్పి పంపించేవారు. కానీ జిల్లాను ఎవరూ అఫిడవిట్ తెమ్మనలేదు. గెజిటెడ్ సంతకం అడగలేదు. 50 ఉన్న రుసుమును 2025 అక్టోబరు నుంచి 75 చేశారు కదా, అదీ కట్టించుకోలేదు. ఒక జీవో ఇచ్చి, బోర్డులకు రంగు వేసి ఊరుకున్నారు. పాత స్పెల్లింగుతో ఉన్న దస్తావేజులు చెల్లవని ఎవరూ అనలేదు, ఆ ఊరు వేరు ఈ ఊరు వేరు అనీ అనలేదు.

మళ్లీ మా హనుమంతప్ప దగ్గరికొస్తే, ఇన్నాళ్లూ ఇద్దరే అనుకున్నాను. మూడోవాడు కూడా ఉన్నాడని అప్పు నోటీసు చూశాక తెలిసింది. నోటీసులో టీ ఉంది, హెచ్ లేదు, రెండు పీలు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. ఇంటిపేరు మాయమైంది. నా సిద్ధాంతం ప్రకారం ఈ మనిషి ఆ పల్లెలోనే లేడు, నోటీసు తెచ్చినవాడు తల గోక్కుంటూ వెనక్కి పోవాలి. పోలేదు. సందులు తిరిగి, వేపచెట్టు కింద బీడీ తాగుతున్న అసలు మనిషినే పట్టుకుని, "ఇక్కడ వేలిముద్ర వెయ్యి పెద్దాయనా" అన్నాడు. తాకట్టు బంగారం వేలానికి వచ్చినప్పుడు పేపర్లో వేసే ప్రకటనలో ఏ స్పెల్లింగు ఉన్నా చెల్లుతుంది. కరెంటు బిల్లు మీద పేరు ఎంత వంకరగా అచ్చయినా ఫ్యూజు పీకేది సరైన ఇంటికే. పంట రుణం వడ్డీ దారి తప్పి హెచ్ లేనివాడి దగ్గరికి పోయిన దాఖలా ఒక్కటి చూపించండి.

ఇవ్వాల్సినప్పుడు ఇద్దరు, వసూలు చేసుకునేటప్పుడు ఒక్కడు. ఇది స్పెల్లింగు తేడా అని నన్ను నమ్మమంటారా?

హనుమంతప్ప తన పేరు ఇంగ్లీషులో రాయమని ఎవర్నీ బతిమాలలేదు. పదిహేనేళ్ల కిందట బళ్లో కాంపు పెట్టినప్పుడు తెర మీద ఏదో చూపించి 'సరిగ్గా ఉందా' అంటే, చదవడం రాని భాషలో ఉన్న తన పేరు వైపు చూసి తల ఊపాడు. టైపు కొట్టింది వాళ్లు. సరిచూసింది వాళ్లు. ఇప్పుడు కూలి పోగొట్టుకుని పామిడికి బస్సెక్కాల్సింది, 75 రూపాయలు కట్టాల్సింది, సర్వర్ డౌన్ అయితే మర్నాడు మళ్లీ రావాల్సింది అతను. పీఎం కిసాన్ పోర్టల్లో ఇలాంటి పేర్లు దిద్దుకునే చోటుకు మొదట ఏం పేరు పెట్టారో గుర్తుందా? ఆధార్ ఫెయిల్యూర్ రికార్డులు. ఫెయిలైంది రైతేనని నిర్ణయించేశారు.

ఆధార్ కార్డు మీద ఇంగ్లీషు పేరుకు పైన తెలుగులో పేరు అచ్చయి ఉంటుంది. అడంగల్లో తెలుగే, 1బీలో తెలుగే. తెలుగు రైతు, తెలుగు భూమి రికార్డు, తెలుగు రాష్ట్రం. ఈ కాగితాలు పక్కపక్కన పెట్టి, ఇతను అతనే అని చెప్పడానికి మూడో తరగతి పిల్ల చాలు. ఊళ్లో సచివాలయం ఉంది, అందులో తెలుగు చదవడం వచ్చిన ఉద్యోగులున్నారు. ఆ ఒక్క సంతకం పెట్టే అధికారం వాళ్లకు ఇవ్వడానికి ఏం అడ్డమొచ్చింది? హెచ్ పెట్టింది మీరు, తీసింది మీరు. దిద్దాల్సిందీ మీరే. పనులు మానుకుని అతనెందుకు రావాలి? మీరే వెళ్లండి. ఇల్లు తెలియదనకండి, మొన్న నోటీసు ఇచ్చి వచ్చారు కదా.