మోకాళ్ళ మనవి: మాంట్రియల్ పెద్దలకొక బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ మాంట్రియల్ నగరమున కొలువుదీరిన అంతర్జాతీయ వాయు రవాణా సంఘము, అనగా లోకమంతయు ‘అయాటా’ అని పిలుచుకొను మహాసంస్థ, డైరెక్టర్ జనరల్ గారి దివ్యసముఖమునకు, ఎకానమీ తరగతిలో నడిమి సీటున కూర్చుండి అట్లాంటిక్ మహాసముద్రమును పలుమారులు దాటిన ఒక తెలుగువాడు అనేక నమస్కారములు చేసి వ్రాసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి. తమ క్షేమము తెలియగోరుచున్నాను. నా క్షేమము, మోకాళ్ళ సంగతి మినహాయించినచో, బాగుగనే యున్నది.

టికెట్టు అమ్మిన కంపెనీకి మొరపెట్టుకొనక నేరుగా మా గుమ్మమునకే వచ్చితివేమి యని తమరు ప్రశ్నింపవచ్చును. కంపెనీలకు వ్రాసిన లేఖలకు ప్రత్యుత్తరములు రాకపోవు. మర్యాదకును వానిలో లోపముండదు. కాని నా అభిప్రాయము వారికెంత అమూల్యమో వర్ణించు విశేషణములే గాని, నా మోకాలికిని ముందు సీటు వీపునకును నడుమ నుండవలసిన దూరమింత యని తెలుపు అంకె యొక్కటియు వానియందు కానరాదు. అదియునుగాక, ఈ తరగతికి పురుడు పోసినది తమ సంఘమే. 1952 మే 1వ తేదీన అట్లాంటిక్ మీద టూరిస్టు తరగతిని ప్రవేశపెట్టి, ఆరేండ్లు నిండకమునుపే అదియు సామాన్యునకు భారమగుచున్నదని గ్రహించి, సర్ విలియం హిల్‌డ్రెడ్ గారు తమ పీఠము నలంకరించియున్న దినములలో, 1958 ఏప్రిల్ 1వ తేదీన (ఆ తేదీని ఎంచుకొన్నవారి హాస్యప్రియత్వమును గూర్చి నేనేమియు అనను) అంతకంటె చౌకయైన ఎకానమీ తరగతిని అదే సముద్రము మీద తమ సభ్యులు ప్రారంభించిరి. న్యూయార్కు నుండి లండనుకు ఒకవైపు ఛార్జీ 252 డాలర్లు. సీటునకు సీటునకు నడుమ దూరము 34 అంగుళములు.

తక్కువ సొమ్ము చెల్లించినవాడు ఎక్కువ సుఖపడునేమో యన్న భయము ఆనాటి తమ సభలను ఎంతగా ఆవరించియుండెనో తలచుకొన్నచో నాకు నేటికిని విస్మయమే. ఎకానమీ ప్రయాణికునకు చల్లనివి, సామాన్యమైనవి, చౌకవి యగు సాండ్‌విచ్చులు మాత్రమే పెట్టవలెనని నిబంధన. అమెరికా కంపెనీలు రెండు రొట్టెముక్కల నడుమ ఏదో యొకటి యిరికించి ఆ ధర్మమును తుచ తప్పక పాటించుచుండగా, డెన్మార్కు, నార్వే, స్వీడను దేశముల ఉమ్మడి సంస్థయైన ఎస్‌ఏఎస్ వారు, తమ దేశాచారము ననుసరించి అడుగున ఒకే రొట్టెముక్కను పరచి, దానిమీద మాంసములను, చేపలను, జున్నును, కూరముక్కలను ఎత్తుగా పేర్చి, మా దేశమున సాండ్‌విచ్చనిన ఇదియే యని నిర్వికారముగా వడ్డించిరి. దీనిని చూచి ఓర్వలేని అమెరికా కంపెనీలు పాన్ ఆమ్, టీడబ్ల్యూఏ వారు, ఇది సాండ్‌విచ్చు కాదు, సాండ్‌విచ్చు వేషము వేసికొన్న విందుభోజనమని తమ సన్నిధిని ఫిర్యాదు చేసిరి. అంతట పెద్దలందరును లండను నగరమున సమావేశమై, సాండ్‌విచ్చునకు లక్షణము నిర్ణయించుటకు పూనుకొనిరి. కావ్యమునకు లక్షణము చెప్పుటకు మన ఆలంకారికులకు శతాబ్దములు పట్టినను ఏకాభిప్రాయము కుదరలేదు. తమవారికి సాండ్‌విచ్చు విషయమున అంత కాలము పట్టలేదు. అది చల్లగా నుండవలెను. అందు రొట్టె ప్రధానముగా నుండవలెను. కేవియర్, ఆయిస్టర్లు, లాబ్‌స్టర్ వంటి ఖరీదైన పదార్థములు దాని దరి చేరరాదు. ఎస్‌ఏఎస్ వారికి 20,000 డాలర్ల జరిమానా విధింపబడినది.

నా మనవికి మూలము ఇచ్చటనే కలదు. ప్రయాణికుని సుఖము ఇంతకు మించరాదని హద్దు గీచి, ఆ హద్దు దాటినవారిని దండించు శక్తిసామర్థ్యములు ఒకప్పుడు తమ సంఘమునకుండినవి. ప్రయాణికుని కష్టము ఇంతకు మించరాదని హద్దు గీయుటకు మాత్రము నేటివరకు తమవారెవరును పూనుకొనినట్లు తోచదు. నాటి 34 అంగుళములు నేడు చాల విమానములలో 31కి దిగినవి. సీటు వీపులు సన్నబడినవి గనుక ఆ మూడంగుళముల నష్టమును ప్రయాణికుడు గుర్తింపడని వర్తకులు చెప్పుదురు. వీపు సన్నబడినమాట నిజమే, మోకాలిచిప్ప సన్నబడలేదు. పైగా ముందు సీటు క్రింద, మనకు సినిమాలు చూపు యంత్రమునకై అమర్చిన లోహపు పెట్టె యొకటి కాలు చాపుకొను చోటును సగము మ్రింగివేయును. ఆ పెట్టె ఏ సీటు క్రింద నున్నదో కూర్చుండినదాక తెలియదు.

ధర మాట కూడ న్యాయముగా చెప్పవలెను. 1958 నాటి 252 డాలర్లు నేటి లెక్కలో రెండున్నర వేలకు పైబడును. నేడు అందులో చిన్న భాగముతోనే సముద్రము దాటవచ్చును. కావున నాటి జాగాను నేటి ధరకిమ్మని అడుగునంతటి అమాయకుడను కాను. చౌకకు చౌకయే దక్కునని ముందుగా చెప్పి అమ్మినవారియందు నాకు గౌరవమే కలదు. 1977 సెప్టెంబరులో సర్ ఫ్రెడ్డీ లేకర్ గారు గాట్విక్ నుండి న్యూయార్కుకు 59 పౌండ్లకే స్కైట్రెయిన్ నడిపినప్పుడు, రిజర్వేషను లేదు, భోజనము కావలసినవారు కొనుక్కొనుడని బాహాటముగా ప్రకటించిరి. 1982లో ఆ కంపెనీ మూతపడినది గాని, ఎక్కినవానికి తానేమి కొన్నాడో తెలిసియుండెను. నేటి టికెట్టు మీద ‘ఎకానమీ’ యని యొక్క మాట యుండును. దానిక్రింద ఏమేమి దాగియున్నదో అడుగువాడు లేడు.

వెడల్పు సంగతియే చూడుడు. బోయింగ్ 777 విమానము మొట్టమొదట ప్రయాణికులతో ఎగిరినది ఈ అట్లాంటిక్ మీదనే, 1995 జూన్ 7వ తేదీన, లండను నుండి వాషింగ్టనుకు. అప్పుడు ఎకానమీలో వరుసకు తొమ్మిది సీట్లు. పెండ్లి పంక్తిలో తొమ్మిది విస్తళ్ళు పట్టుచోట పదవదానిని ఇరికించినట్లు, తరువాతి కాలమున అనేక కంపెనీలు అదే గొట్టములో, గోడలను అంగుళమైనను జరుపకుండ, వరుసకు పదేసి సీట్లు బిగించినవి; ఫలితముగా ఒక్కొక్కని వాటాకు వచ్చినది 17 అంగుళములు, అటునిటుగా. బోయింగ్ 787 కథ మరియు విచిత్రము. వరుసకు ఎనిమిది సీట్లతో హాయిగా నుండగల విమానమది. జపాన్ ఎయిర్‌లైన్స్ వారు నేటికిని ఎనిమిదే ఉంచుకొనిరి గాని, అట్లాంటిక్ మీద తిరుగువానిలో తొమ్మిదే పరిపాటి. ఆ విమానములో గాలి మేలైనది. పాతతరపు విమానములలో లోపలి గాలి ఎనిమిదివేల అడుగుల కొండమీది గాలివలె పలుచబడుచుండగా, ఇందులో ఆరువేల అడుగుల వద్దనే నిలుచును, తేమయు అధికము. అనగా ఊపిరితిత్తులకు ఉపకారము చేసిన ఇంజనీర్ల పుణ్యమును సీట్లు బిగించినవారు నడుము దగ్గర వసూలు చేసికొనిరన్నమాట. ఇక పాతబడిన ఎయిర్‌బస్ ఏ330 ఎక్కుడు: తెర చిన్నది, బొమ్మ మసక, గాలి పొడి, అయినను వరుసకు ఎనిమిదే సీట్లు, 18 అంగుళముల వెడల్పు, కిటికీ ప్రక్కన ఇద్దరికే స్థానము గనుక భార్యాభర్తలకు మూడవవాని మోచేయి బాధ లేదు. నన్నడిగినచో, సినిమా తెర పెద్దదని మురియుటకంటె ఆ రెండు సీట్ల జంటను వెదకుకొనుట వివేకము. దూరప్రయాణములలో 18 అంగుళములు కనీస ప్రమాణము కావలెనని 2013లో ఎయిర్‌బస్ వారే ప్రచారము చేసిరి. తమ విమానములలో అంత చోటున్నది గనుక చేసిరని నేనెరుగుదును. స్వార్థముతో పలికినంతమాత్రమున సత్యము అసత్యము కాదు.

ఇటీవల ఒకే నడవ గల సన్నని ఏ321 విమానములు కూడ సముద్రము దాటుచున్నవి. వానిలో సీటు వెడల్పు మెచ్చుకొనదగినదే గాని, భోజనపు బండి నడవలో నిలిచినంతసేపు, మరుగుదొడ్డికి పోదలచినవాడు తన సంకల్పమును వాయిదా వేసికొనవలసినదే.

భోజనము ప్రస్తావన వచ్చినది గనుక ఒక చిన్న ముచ్చట విన్నవింతును. ఫ్రాంక్‌ఫర్టు నుండి డాలసుకు పోవుచుండగా నా ప్రక్కన తణుకు దగ్గరి పల్లెనుండి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుండిరి, కోడలికి పురుడట. బండి ఇంకను ఎక్కడనో నుండగా, పరిచారిక యొకతె చీటీ చూచి, ఆవిడ పేరును ముక్కలు ముక్కలుగా పలికి, ఏవీఎంఎల్ అను శాకాహారపు ట్రేను ముందు నిలిపి వెడలిపోయెను. అల్యూమినియపు రేకు మూత క్రింద పొగలు గ్రక్కు అన్నము, రాజ్మా, ప్రక్కన రాయివలె చల్లబడిన రొట్టెయుండ, వేలెడంత వెన్న, మూత అంటించిన చిన్న గిన్నెలో నీళ్ళు.

“బాబూ, నాకొక్కదానికే పెట్టారేంటి? మీకేదీ?” అని ఆవిడ నొచ్చుకొనిరి.

“మీది ప్రత్యేకమండీ, ముందే ఇస్తారు. మీరు తినండి.”

ఆవిడ మోచేతులను డొక్కలకు అదిమిపెట్టుకొని, ఇరుప్రక్కలవారికి తగులకుండ ముద్ద ముద్దకు భుజము ముడుచుకొనుచు, పావుగంటలో ముగించిరి. సరిగా అప్పుడే మావద్దకు బండి వచ్చినది. మేము తిన్నంతసేపును, తిన్నపిదప మా ట్రేలు తీయు బండి మరల వచ్చినంతదాకను, ఖాళీ ట్రే పొట్టకు ఆనియుండగా ఆవిడ లేవలేరు, కదలలేరు. ఇంతలో ముందువాడు సీటు వెనుకకు వాల్చెను, నీళ్ళ గిన్నె ఆవిడ ఒడిలోనికి జారినది.

“పెట్టడం ముందు పెట్టారు గానీ బాబూ, తియ్యడం మాత్రం అందరితో పాటేనా?”

ఈ ప్రశ్నకు నావద్ద సమాధానము లేక తమకు నివేదించుచున్నాను.

ఏవీఎంఎల్ అను ఆ నాలుగక్షరముల సంకేతము తమ సంఘపు పద్ధతులలోనిదే గదా! జైనులకు వీజేఎంఎల్, మాంసము తిను హిందువులకు హెచ్‌ఎన్‌ఎంఎల్. వేలయేండ్ల ఆచారవ్యవహారములను, మడిని, మైలను నాలుగేసి అక్షరములలో ఇమిడ్చిన తమ సంక్షేపశక్తికి నేను జోహారులర్పింతును. హైదరాబాదును హెచ్‌వైడీ యనియు, డాలసును డీఎఫ్‌డబ్ల్యూ యనియు మూడక్షరములకు కుదించితిరి. మా ఆవకాయ సీసా దాగియున్న పెట్టెకు పదంకెల సంఖ్య నిచ్చి, అది ఏయే చోట్ల చేతులు మారినదో కంపెనీలు కనిపెట్టియుండవలెనని 753వ తీర్మానము ద్వారా 2018 జూను నుండి శాసించితిరి. పెట్టెయందు ఇంతటి వాత్సల్యము చూపిన తమకు పెట్టె యజమానియందు పగ యుండునని నేను నమ్మను.

అమెరికాలో 1978లో నియంత్రణలు తొలగినపిదప మా అధికారములు సడలినవి, మేమిప్పుడు వర్తకసంఘము మాత్రమే, సీటు కొలతలు ఆయా కంపెనీల యిష్టమని తమరు సెలవీయవచ్చును. చిత్తము. కాని 2015 జూనులో విమానములోనికి తీసికొనిపోవు చేతిసంచికి 55 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 20 మందము ఉత్తమమని నిర్ణయించి, ‘క్యాబిన్ ఓకే’ అను ముద్ర వేయింతుమని ప్రకటించినది తమ సంఘమే గదా! ప్రజలు గోల చేయగా కొలది దినములలోనే దానిని ప్రక్కన పెట్టితిరి. అది వేరు విషయము. సంచిని మూడువైపుల కొలిచినవారికి, ఆ సంచిని మోసికొని వచ్చినవానిని ఒక్కవైపైనను కొలుచుటకు ఏ చట్టము అడ్డు వచ్చినది?

వాషింగ్టను పెద్దలను అడుగుమందురా? వారిని అమెరికా కాంగ్రెసే అడిగినది. సీటునకు కనీసపు కొలతలను ఏడాదిలోగా నిర్ణయింపుడని 2018 అక్టోబరులో చట్టమే చేసినది. అక్కడి విమానయాన శాఖవారు ఓక్లహోమాలో జనమును సీట్లలో కూర్చుండబెట్టి, ప్రమాదవేళ ఎంత త్వరగా బయటపడగలరో పరీక్షించి, 2022లో ప్రజాభిప్రాయమును సేకరించిరి. వేలకొలది జవాబులు వచ్చినవి, కొలత మాత్రము ఏడాది గడువులో రాలేదు. ఆ పరీక్షలలో పాల్గొన్నవారందరును పదునెనిమిదికిని అరువదికిని నడుమ వయసువారు, ఆరోగ్యవంతులు. పురుళ్ళకును పుణ్యాహవచనములకును, మనుమల పెంపకమునకును హైదరాబాదు నుండి, విజయవాడ నుండి బయలుదేరి, నడుమ ఎక్కడనో విమానము మారి, ఈ సముద్రము దాటు మా తల్లిదండ్రులలో అరువదికి లోబడినవారెందరు? ఎక్కిన ప్రతివాడును తొంబది సెకండ్లలో దిగగలడని విమానమునకు యోగ్యతాపత్రమిచ్చుదురు. తణుకు అమ్మగారికి ట్రే మూసి, బెల్టు విప్పి, వాలిన సీటునకును తన మోకాళ్ళకును సంధి కుదిర్చి నడవలోనికి వచ్చుటకు ఎంత పట్టునో ఆ లెక్కలో ఎవరు కట్టిరి?

నా కోరిక పెద్దది కాదు. గడువులోగా ప్రభుత్వము చేయలేనిదానిని తమరు ఒక్క తీర్మానముతో చేయుడని బలవంతపెట్టను. భోజనమునకున్నట్లే సీటునకును ఒక సంకేతము కల్పింపుడు; వెడల్పెంతయో, ముందు సీటు దూరమెంతయో, వరుసకు ఎందరో, సీటు క్రింద ఆ లోహపు పెట్టె యున్నదో లేదో, సొమ్ము చెల్లింపకమునుపే టికెట్టు మీద కనబడునట్లు సభ్యులందరిచేతను వ్రాయింపుడు. పదిహేడంగుళములని ముందే తెలిసి కొన్నవాడు తన నడుమును తానే నిందించుకొనును గాని తమకు ఉత్తరములు వ్రాయడు. నడిమి సీటునకు ఒక రూపాయి తక్కువ పుచ్చుకొందురేమో అదియు ఆలోచింపవచ్చును. ఇది నా స్వార్థము.

ప్రత్యుత్తరమును అంగుళములలో గాని సెంటీమీటర్లలో గాని దయచేయుడు. విశేషణములు మాత్రము వలదు. చిత్తగింపవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
నడిమి సీటువాడు